సాబు: మైసూరు ఏనుగుల సాల నుంచి హాలీవుడ్ దాకా ఒక షేక్ పిల్లాడి ప్రయాణం

షేక్ దస్తగీర్. ఈ పేరు చూడగానే మనకు కడప వాళ్లో, కర్నూలు వాళ్లో, గుంటూరు వాళ్లో గుర్తొస్తారు. ఇంటికొకరు కాకపోయినా మన వీధుల్లో ఈ పేరున్నవాళ్లు తప్పకుండా దొరుకుతారు. కానీ ఈ పేరు ఒకప్పుడు లండన్ పత్రికల్లో, హాలీవుడ్ స్టూడియో కాగితాల్లో కూడా కనిపించింది. తమాషా ఏమిటంటే, అక్కడ ఆ పేరు అసలు మనిషికి కాకుండా అతని తమ్ముడికి తగులుకుంది.

ఆ తమ్ముడే సాబు. పాత ఇంగ్లీషు సినిమాలు చూసే పెద్దవాళ్లకు 'ఎలిఫెంట్ బాయ్', 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్', 'జంగిల్ బుక్' సినిమాలు గుర్తుండే ఉంటాయి. నడుముకి గుడ్డ, తలకి పాగా చుట్టుకుని, తెల్లటి పళ్లతో నవ్వుతూ ఏనుగు మెడ మీద కూర్చునే ఆ కుర్రాడే ఈ సాబు. హాలీవుడ్‌లో పెద్ద తారగా వెలిగిన మొదటి భారతీయుడు. పుట్టింది ఒక పేద ముస్లిం మావటి ఇంట్లో. చనిపోయింది లాస్ ఏంజిలిస్‌లో, 39 ఏళ్లకే.

అతని కథను చాలామంది అదృష్టం కథగా చెబుతారు. అనాథ పిల్లాడు, దొరగారి కంట పడ్డాడు, రాత్రికి రాత్రి స్టార్ అయిపోయాడు అని. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగంలో కాగితాలు ఉన్నాయి. ఒక కాంట్రాక్టు, ఒక పౌరసత్వ పత్రం, దొరకని ఒక వర్క్ పర్మిట్. ఇవి కూడా చూస్తేనే అతను ఏం సంపాదించాడో, ఏం పోగొట్టుకున్నాడో తెలుస్తుంది.

ఏనుగుల మధ్య పెరిగిన యతీం

సాబు 1924 జనవరి 27న మైసూరు సంస్థానంలోని కారాపురలో పుట్టాడు. కబిని నది పక్కన ఉండే ఊరు అది, చుట్టూ అడవి. అడవి ఏనుగుల మందలను తోలుకొచ్చి, కంచెలోకి మళ్లించి పట్టుకునే ఖెడ్డాలకు ఆ ప్రాంతం పేరు పొందింది. పట్టిన ఏనుగులను మచ్చిక చేయడం, పని నేర్పడం, దసరా ఊరేగింపులకు సిద్ధం చేయడం మావటీల పని. సాబు తండ్రి మైసూరు మహారాజా కొలువులో అలాంటి ఒక మావటి.

తల్లి సాబు పసిబిడ్డగా ఉన్నప్పుడే చనిపోయింది. తండ్రి కూడా అతనికి ఏడేళ్లు వచ్చేసరికి కన్నుమూశాడు. ఇక మిగిలింది అన్న, ఆ ఏనుగుల సాల. మావటి పిల్లలకు బడి అంటే ఏనుగుల సాలే. ఏనుగు కాలి మీద, దంతం మీద అడుగేసి పైకెక్కడం, చెవి వెనక కాలి వేలితో తట్టి ఎటు తిరగాలో చెప్పడం, నదిలో పడుకోబెట్టి ఒళ్లు రుద్దడం, ఇవన్నీ చూస్తూ చేస్తూ రావాల్సిందే. సాబుకి చదువు రాలేదు, ఇంగ్లీషు ఒక్క ముక్క తెలియదు. కానీ తనకంటే ఎన్నో రెట్లు పెద్ద జంతువు ముందు భయం లేకుండా నిలబడటం వచ్చు. తర్వాత కెమెరా ముందు పనికొచ్చింది సరిగ్గా అదే.

దొరల కెమెరా దిగిన రోజులు

1935లో రాబర్ట్ ఫ్లాహెర్టీ అనే అమెరికన్ దర్శకుడు మైసూరు వచ్చాడు. అంతకు ముందు 1922లో మంచు దేశపు ఎస్కిమోల జీవితం మీద 'నానూక్ ఆఫ్ ది నార్త్' తీసి పేరు తెచ్చుకున్న మనిషి. ఈసారి రడ్‌యార్డ్ కిప్లింగ్ రాసిన ఒక ఏనుగు కుర్రాడి కథను సినిమాగా తీయాలని వచ్చాడు. డబ్బు పెట్టింది లండన్‌లో పెద్ద నిర్మాత అలెగ్జాండర్ కోర్డా.

ఫ్లాహెర్టీకి స్టూడియో నటులు అక్కర్లేదు. నిజంగా ఏనుగుల మధ్య పెరిగిన కుర్రాడు కావాలి. వెతుకుతుంటే కెమెరామన్ ఆస్మండ్ బారడేల్ కంట్లో సాబు పడ్డాడు. అప్పటికి పదకొండేళ్లు. బక్కపలచని పిల్లాడు, కానీ ఏనుగు ఎక్కితే రాజులా కూర్చునేవాడు. మహారాజా గజశాలలోని అతి పెద్ద ఏనుగుల్లో ఒకటైన ఐరావతాన్ని సినిమాకు ఇచ్చారు. ఆ కొండంత ఏనుగు, ఈ చిటికెడు పిల్లాడు ఒకే ఫ్రేములో కనబడితే ఇక మాటలతో పనేముంది?

ఫ్లాహెర్టీ తీరుబడిగా తీసే మనిషి. ఏడాది దాటినా షూటింగ్ తెమలలేదు. వానాకాలం వచ్చింది, ఖర్చు పెరిగింది. లండన్‌లో కోర్డాకు గాభరా పుట్టింది. అడవి దృశ్యాలు బోలెడు వచ్చాయి గానీ కథ సరిగ్గా రాలేదు. చివరికి యూనిట్‌ను వెనక్కి పిలిచి, మిగతా భాగాన్ని తన తమ్ముడు జోల్టాన్ కోర్డా చేత ఇంగ్లండ్‌లోని డెనమ్ స్టూడియోలో తీయించాడు. అందుకోసం సాబుని ఓడెక్కించి ఇంగ్లండ్ తీసుకెళ్లారు. తోడుగా, సంరక్షకుడిగా అన్న షేక్ దస్తగీర్ కూడా వెళ్లాడు.

'ఎలిఫెంట్ బాయ్' 1937లో విడుదలైంది. వెనిస్ చిత్రోత్సవంలో ఫ్లాహెర్టీకి, జోల్టాన్ కోర్డాకు ఉమ్మడిగా ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. చూసినవాళ్లు గుర్తుపెట్టుకున్నది మాత్రం సాబునే. పదమూడేళ్ల వయసులో ఇంగ్లండ్, అమెరికా పత్రికల్లో అతని ఫోటోలు పడ్డాయి.

అన్న పేరు తమ్ముడికి

ఇక్కడే పేరు గందరగోళం మొదలైంది. అతని జీవితచరిత్ర రాసినవాళ్లు చెప్పేదాని ప్రకారం అసలు పేరు సెలార్ షేక్ సాబు. దస్తగీర్ అన్నది అన్న పేరు. కానీ దొరలకు ఇంటిపేరు, ఒంటిపేరు అని రెండు గడులు నింపితే తప్ప మనిషి పూర్తి కాడు కదా. మన వాళ్లలో షేక్ ముందొస్తుంది, అన్నకొక పేరు తమ్ముడికొక పేరు ఉంటుంది, ఇద్దరికీ కలిపి ఇంటిపేరు ఉండకపోవచ్చు అన్న సంగతి వాళ్లకు ఎక్కలేదు. అన్న దస్తగీర్ కాబట్టి తమ్ముడు సాబు దస్తగీర్ అయిపోయాడు. ఇప్పటికీ చాలా పుస్తకాల్లో అదే పేరు ఉంది.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయొద్దు. స్కూలు సర్టిఫికెట్‌లో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా, పాస్‌పోర్టులో మూడో రకంగా పేరు పడి ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మనలో ఎన్నో. రాసేవాడి సౌకర్యం కోసం మన పేరు మారిపోవడం ఇవాళ పుట్టిన సమస్య కాదు. హాలీవుడ్ స్టార్‌కి కూడా తప్పలేదు.

ఒక సినిమా, మన ఊళ్ల నిరసన

కోర్డా సాబుని కాంట్రాక్టులో ఉంచుకుని ఇంగ్లండ్‌లో బడిలో వేశాడు. కుర్రాడు ఇంగ్లీషు చకచకా పట్టేశాడు. 1938లో రెండో సినిమా 'ది డ్రమ్' వచ్చింది, ఈసారి రంగుల్లో. వాయువ్య సరిహద్దులో ఒక చిన్న రాజ్యం కథ. సాబు అందులో అజీమ్ అనే చిన్న రాకుమారుడు. బాబాయి గుల్ అజీమ్ తండ్రిని చంపి గద్దె ఎక్కుతాడు. విందుకు పిలిచి బ్రిటిష్ సైనికులను చంపాలని పన్నాగం పన్నుతాడు. అజీమ్ డప్పు మోగించి దొరలను కాపాడతాడు.

కథ వినగానే అర్థమయ్యే ఉంటుంది. దొరలకు సాయం చేసే ముస్లిం మంచివాడు, దొరలకు ఎదురు తిరిగే ముస్లిం దుర్మార్గుడు. ఇంగ్లండ్‌లో ఈ సినిమా బాగా ఆడింది. ఇక్కడ స్వాతంత్ర్య పోరాటం నడుస్తున్న రోజులు. బొంబాయిలో సినిమా హాళ్ల దగ్గర జనం, ముఖ్యంగా ముస్లింలు, గట్టిగా నిరసన తెలిపారు. మద్రాసులోనూ అదే జరిగింది. చివరకు రెండు చోట్లా ప్రదర్శన ఆపేయాల్సి వచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉన్నాయి కాబట్టి ఇది మన తాతల కాలపు సంగతి కూడా.

ఆ నిరసన న్యాయమైనదే. అయితే ఆ పోస్టర్ మీద ఉన్న ముఖం పద్నాలుగేళ్ల కుర్రాడిది. కథ అతను రాయలేదు, కాదనే స్థితిలోనూ లేడు. ఏది ఆడమంటే అది ఆడాలి, అదీ కాంట్రాక్టు. అతని సినిమా జీవితంలో మొదటి నుంచి చివరి దాకా ఈ ఇబ్బంది అతన్ని వదల్లేదు. తన దేశం గురించి వేరేవాళ్లు రాసుకున్న కథలో తను బొమ్మ కావాల్సి రావడం.

బాగ్దాద్ దొంగ

అతని జీవితంలో అన్నిటికంటే పెద్ద సినిమా 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'. ఇదే పేరుతో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ తీసిన మూకీ సినిమా 1924లో, అంటే సాబు పుట్టిన ఏడాదే వచ్చింది. కోర్డా దాన్ని కొత్తగా, రంగుల్లో తీయాలనుకున్నాడు. షూటింగ్ మొదలయ్యాక 1939లో రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. ఇంగ్లండ్‌లో పని కష్టమైంది. కోర్డా మొత్తం యూనిట్‌ను హాలీవుడ్‌కు తరలించి అక్కడ పూర్తి చేశాడు. సాబు అమెరికాలో అడుగుపెట్టి స్థిరపడింది అలాగే.

అందులో సాబు పాత్ర పేరు అబూ. బాగ్దాద్ బజారులో చిల్లర దొంగతనాలు చేసుకునే పిల్లాడు. గద్దె పోగొట్టుకున్న రాజు అహ్మద్‌కు స్నేహితుడవుతాడు. కపట మంత్రి జాఫర్‌గా జర్మన్ నటుడు కాన్రాడ్ వీట్ చేశాడు. సీసాలోంచి పొగలా లేచి కొండంత అయ్యే జిన్నును అబూ మాటలతో బోల్తా కొట్టించి మళ్లీ సీసాలో దూర్చేసే ఘట్టం ఇవాళ్టికీ పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. చివర్లో ఎగిరే తివాచీ మీద వచ్చి రాజును కాపాడేది కూడా అబూనే. ఈ సినిమాకు ఛాయాగ్రహణం, కళ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు మూడు ఆస్కార్లు వచ్చాయి.

మన తెలుగు ప్రేక్షకులకు ఈ లోకం కొత్తేమీ కాదు. ఎన్టీఆర్ 1968లో 'బాగ్దాద్ గజదొంగ' చేశారు. అలాంటి జానపదాలు మనమెన్నో చూశాం. తేడా ఏమిటంటే, మన జానపదాల్లో రాజైనా దొంగైనా మనవాడే. కోర్డా సినిమాలో రాజు అహ్మద్ తెల్ల నటుడు, షహజాదీ తెల్ల నటి. కథను భుజాల మీద మోసింది సాబు, పెళ్లి జరిగింది రాజుకి.

దాచుకున్న ఆమె, దాచుకోని అతను

ఇదే కోర్డా చుట్టూ ఇంకో భారతీయ మూలాల తార ఉండేది. పేరు మెర్ల్ ఓబెరాన్. ఆమె బొంబాయిలో పుట్టింది. కానీ ఆ సంగతి బయటపడితే హీరోయిన్ అవకాశాలు పోతాయని, ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియాలో పుట్టానని చెప్పించుకుంది. 1935 నాటి 'ది డార్క్ ఏంజెల్'కు ఆస్కార్ నామినేషన్ కూడా పొందింది. 1939లో కోర్డానే పెళ్లాడింది. జీవితాంతం ఆ రహస్యాన్ని మోసింది.

ఆమెది తెల్ల ఛాయ కాబట్టి దాచుకోగలిగింది. సాబుకి ఆ దారి లేదు, అతనికి ఆ అవసరమూ రాలేదు. ఎందుకంటే సాబు భారతీయుడు కావడమే స్టూడియో అమ్ముకునే సరుకు. నేను బి.కాంలో చదివిన లెక్కలో చెప్పాలంటే ఒకరికి ఊరి పేరు అప్పు పద్దులో పడింది, ఇంకొకరికి ఆస్తి పద్దులో పడింది. కాకపోతే రెండు ఖాతాలూ రాసింది స్టూడియో వాళ్లే. ఆమె హీరోయిన్ అయింది, తన తల్లి ఊరు చెప్పుకోలేకపోయింది. అతను ఊరు చెప్పుకోగలిగాడు, హీరోయిన్ పక్కన హీరో కాలేకపోయాడు.

1942లో కోర్డా సోదరులు 'జంగిల్ బుక్' తీశారు. సాబు మౌగ్లీ. ఈ సినిమాకు నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. సినిమా సంగీతంతో పాటు సాబు గొంతుతో కథ చెప్పించిన గ్రామఫోన్ రికార్డులు కూడా బజారులోకి వచ్చాయి. కథ జరిగేది భారతదేశపు పల్లెలో, కానీ పల్లెలో ముఖ్యమైన మనుషులంతా ముఖానికి రంగు పూసుకున్న తెల్ల నటులే. రంగు పూసుకోనక్కర్లేని ముఖం సాబుది.

తర్వాత యూనివర్సల్ స్టూడియోలో చేరాడు. 'అరేబియన్ నైట్స్', 'వైట్ సావేజ్', 'కోబ్రా ఉమన్' వరసగా వచ్చాయి. మూడింటిలోనూ హీరోయిన్ మరియా మోంటెజ్, హీరో జాన్ హాల్. సాబు హీరోకి నమ్మిన బంటు, నవ్వించే స్నేహితుడు. 'అరేబియన్ నైట్స్'లో ఖలీఫా హారూన్ రషీద్ పాత్ర కూడా జాన్ హాల్‌దే. ఇరవై ఏళ్ల యువకుడు అయ్యాక కూడా సాబుని స్టూడియోలు ఏనుగు పిల్లాడి వయసులోనే ఆపేశాయి.

యుద్ధంలోకి

1944 జనవరిలో సాబు అమెరికా పౌరుడయ్యారు. ఇది మామూలు విషయం కాదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ తింద్ అనే పంజాబీ కేసులో, భారతీయులు తెల్లవాళ్ల కిందికి రారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. ఆ తింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడే. అయినా కోర్టు కాదంది. మామూలు భారతీయులకు ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నది 1946లో, అదీ ఏడాదికి వంద మందికే కొత్తగా వచ్చి స్థిరపడే అవకాశంతో. రెండో యుద్ధం సమయంలో సైన్యంలో చేరే విదేశీయులకు చట్టం జాతి అడ్డు తీసేసింది. సాబు అమెరికా వైమానిక దళంలో చేరారు.

స్టార్ కాబట్టి ఎక్కడో ఆఫీసులో కూర్చోబెట్టి ఫోటోలు తీసుకున్నారనుకుంటే పొరపాటు. బి-24 లిబరేటర్ బాంబర్ విమానం తోక చివర ఒక ఇరుకు గూడు ఉంటుంది. అందులో ఒంటరిగా కూర్చుని వెనక నుంచి వచ్చే శత్రు విమానాలను తుపాకీతో ఎదుర్కోవాలి. దాన్నే టెయిల్ గన్నర్ అంటారు. ఎదురు దాడి ఎక్కువగా తగిలేది అక్కడే. సాబు పసిఫిక్ యుద్ధరంగంలో 307వ బాంబర్ దళంతో డజన్ల కొద్దీ దాడుల్లో పాల్గొన్నారు. ధైర్యసాహసాలకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం అందుకున్నారు.

తెరమీద హీరో పక్కన నిలబడే బంటు, నిజ జీవితంలో ఆ సినిమా హీరోలు చాలామంది చేయని పని చేసి వచ్చారు.

తిరిగొచ్చాక

యుద్ధం నుంచి వచ్చేసరికి హాలీవుడ్ మారిపోయింది. ఎగిరే తివాచీల సినిమాలంటే జనానికి మోజు తగ్గింది. సాబు పిల్లాడు కాదు, 22 ఏళ్ల మాజీ సైనికుడు. అలాంటి మనిషికి రాసిన పాత్ర స్టూడియోల దగ్గర లేదు.

1947లో మాత్రం ఒక మంచి సినిమా దొరికింది. ఇంగ్లండ్‌లో మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ తీసిన 'బ్లాక్ నార్సిసస్'. హిమాలయాల్లో ఒక క్రైస్తవ మఠం కథ, తీసింది మాత్రం దాదాపు అంతా స్టూడియోలోనే. సాబు అందులో సిల్కు బట్టలు, ఖరీదైన అత్తరు వేసుకుని చదువుకోడానికి వచ్చే యువ జనరల్. నడుముకి గుడ్డ లేదు, ఏనుగు లేదు. చిన్న పాత్రే అయినా ఆయనలో ఎంత నటుడున్నాడో అందులో కనిపిస్తుంది. ఆ ఏడాదే 'ది ఎండ్ ఆఫ్ ది రివర్'లో బ్రెజిల్ అడవి మనిషిగా చేశారు, అది ఆడలేదు.

1948లో 'సాంగ్ ఆఫ్ ఇండియా' సినిమా షూటింగ్‌లో పరిచయమైన మారిలిన్ కూపర్ అనే నటిని పెళ్లి చేసుకున్నారు. ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు పాల్ సాబు తర్వాత రాక్ సంగీతంలో పేరు తెచ్చుకున్నాడు. ఇల్లు కుదురుకుంది గానీ పని కుదురుకోలేదు. 1950ల్లో యూరప్ వెళ్లి చిన్నా చితకా సినిమాలు చేశారు. 1952లో లండన్ హారింగే సర్కస్‌లో ఏనుగులతో ప్రదర్శన ఇచ్చారు. పతకం తెచ్చుకున్న సైనికుడు, ఆస్కార్ సినిమాల తార, చివరికి తండ్రి నేర్పిన పనితోనే ఇల్లు నడపాల్సి వచ్చింది. ఇందులో నామోషీ లేదు. కూడు పెట్టిన విద్య అది. తప్పు ఆయనది కాదు, ఆయనకు ఇంకో పని ఇవ్వలేకపోయిన పరిశ్రమది.

దొరకని బిర్జూ పాత్ర

ఈ కథలో మనసుకి ఎక్కువ బాధ కలిగించే భాగం ఇదే. దర్శకుడు మెహబూబ్ ఖాన్ తన పాత సినిమా 'ఔరత్'ను మళ్లీ పెద్దగా తీయాలనుకున్నారు. అదే 'మదర్ ఇండియా'. అందులో తల్లికి ఎదురు తిరిగే చిన్న కొడుకు బిర్జూ పాత్రకు సాబుని అనుకున్నారు. సాబుకి హిందీ సినిమాలో మొదటి అవకాశం. తన దేశపు మనిషి రాసిన, తన దేశపు కథ. ఏనుగు పిల్లాడు కాదు, దొరల స్నేహితుడు కాదు, వడ్డీ వ్యాపారి మీద తిరగబడే రైతు కొడుకు.

కానీ ఆయన చేతిలో ఉన్నది అమెరికా పాస్‌పోర్టు. స్వతంత్ర భారతదేశంలో పని చేయాలంటే ఇప్పుడు ఆయనకు వర్క్ పర్మిట్ కావాలి. అది రాలేదు. బిర్జూ పాత్ర సునీల్ దత్‌కు వెళ్లింది. 1957లో విడుదలైన 'మదర్ ఇండియా' చరిత్ర సృష్టించింది. ఆస్కార్ విదేశీ చిత్రాల విభాగంలో నామినేషన్ పొందిన మొదటి భారతీయ సినిమా అయింది. సునీల్ దత్ జీవితం ఆ సినిమాతో మలుపు తిరిగింది.

ఒక్కసారి ఆలోచించండి. ఏ కాగితం కోసం తింద్ లాంటివాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారో, ఏ కాగితానికి సాబు ప్రాణాలకు తెగించి విలువ కట్టారో, ఆ కాగితమే సొంత గడ్డ మీద తలుపు మూసింది. అమెరికా తెర మీద ఆయన ఎప్పుడూ భారతీయుడే. భారతదేశపు ఆఫీసులో మాత్రం ఆయన అమెరికన్. సాబు చివరి దాకా ఒక్క భారతీయ సినిమాలోనూ నటించలేదు.

గల్ఫ్‌లో, అమెరికాలో ఏళ్ల తరబడి ఉండి వచ్చినవాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ ఊరు అడుగుతారు, ఇక్కడ వీసా అడుగుతారు.

తొందరగా ముగిసిన కథ

సాబు కుంగిపోయి కూర్చోలేదు. సినిమాలు తగ్గాక లాస్ ఏంజిలిస్‌లో భవన నిర్మాణం, స్థలాల వ్యాపారం చూసుకున్నారు. 1960లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్ మీద ఆయన పేరుతో నక్షత్రం పడింది. అదే ఏడాది పెద్ద దెబ్బ తగిలింది. అన్న దస్తగీర్ ఫర్నిచర్ వ్యాపారం చేసుకునేవారు. దోపిడీకి వచ్చినవాళ్ల చేతిలో ఆయన ప్రాణాలు పోయాయి. తండ్రి పోయాక తండ్రిలా నిలబడి, తమ్ముడి చెయ్యి పట్టుకుని ఓడెక్కిన మనిషి ఆయన. ఆయన పేరు తమ్ముడి దగ్గర మిగిలింది, ఆయన లేకుండా పోయారు.

1963లో సాబుకి మళ్లీ కాస్త పని దొరికింది. రాబర్ట్ మిచమ్‌తో 'రాంపేజ్', తర్వాత డిస్నీ వారి 'ఎ టైగర్ వాక్స్'. రెండోదాంట్లో పులిని పట్టడానికి సాయం చేసే భారతీయుడి పాత్ర. అది విడుదలయ్యే దాకా ఆయన బతకలేదు. 1963 డిసెంబర్ 2న లాస్ ఏంజిలిస్ పరిధిలోని చాట్స్‌వర్త్‌లో ఇంట్లోనే గుండెపోటు వచ్చి కన్నుమూశారు. అంతకు ముందు పెద్దగా జబ్బు పడింది లేదు. ఇంకో రెండు నెలలైతే నలభై నిండేవి. హాలీవుడ్ హిల్స్‌లోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

పిల్లలకు చూపించాల్సిన సినిమా

సాబుని మనం ఏమని గుర్తుపెట్టుకోవాలి? దొరల సినిమాల్లో దొరల వైపు నిలబడ్డాడని కొందరు అప్పట్లో కోప్పడ్డారు. ఆ సినిమాల మీద కోపం సబబే. మనిషిని మాత్రం వేరుగా చూడాలి. ఏడేళ్లకే యతీం అయిన పిల్లాడు, చదువు లేని పిల్లాడు, ఎవరో రాసిన కాంట్రాక్టులో, ఎవరో రాసిన పేరుతో, ఎవరో రాసిన కథలో అడుగుపెట్టాడు. అందులో తనకంటూ మిగిలినది ఆ నవ్వు, ఆ చురుకు, భయం లేనితనం. వాటితోనే పదేళ్లు ప్రపంచాన్ని కట్టిపడేశాడు. యుద్ధంలో అవే చూపించాడు. ఊరు దాచుకోలేదు, షేక్ పిల్లాడినని చెప్పుకోడానికి సిగ్గుపడలేదు.

ఆయన తర్వాత ఇర్ఫాన్ ఖాన్, ఓం పురి లాంటివాళ్లు ఇంగ్లీషు సినిమాల్లో తండ్రులుగా, పోలీసులుగా, ప్రేమికులుగా మామూలు మనుషుల పాత్రలు చేశారు. సాబుకి దక్కనిది అదే. ఆయన తెరిచిన తలుపు గుండానే అందరూ వెళ్లారని చెప్పలేం గానీ, ఆ తలుపు ఎంత ఇరుకుగా ఉండేదో మాత్రం ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

సెలవు రోజున పిల్లలతో కూర్చుని 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చూడండి. జిన్ను సీసాలో దూరినప్పుడు పిల్లలు చప్పట్లు కొడతారు. అప్పుడు వాళ్లకు చెప్పండి, ఆ అబూ వేషం వేసింది మన పక్క రాష్ట్రంలో ఒక మావటి కొడుకని, పెద్దయ్యాక యుద్ధ విమానం తోకలో కూర్చుని పోరాడాడని. హాలీవుడ్ బాట మీద ఉన్న ఆ నక్షత్రంలో షేక్ అనీ లేదు, దస్తగీర్ అనీ లేదు. ఒక్కటే మాట ఉంది, సాబు అని. అన్ని కాగితాల్లోనూ తప్పు పడకుండా మిగిలింది ఆ ఒక్క పేరే.